అక్కకీ తమ్ముడికీ మాటల్లేవు, మధ్యలో నేను పోస్ట్‌మ్యాన్‌ని

ల్యాబ్‌లో_సుబ్బు
గుంటూరు కొత్తపేటలో ఒక యాభై పడకల నర్సింగ్ హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. చేరి పద్నాలుగు నెలలు. మా హెడ్ సిస్టర్, బిల్లింగ్ కౌంటర్లో బాబాయ్, ఇద్దరూ ఒక తల్లి పిల్లలు. ఈ ముక్క నాకు పోయిన నెల్లో తెలిసింది. అప్పటిదాకా వాళ్ళిద్దరికీ అసలు పరిచయమే లేదనుకున్నా. ఇద్దరి ముక్కూ ఒకటే చూడు అని మా ఆయా చెప్తే అప్పుడు చూశా. నిజమే, ఒకటే ముక్కు.

తొమ్మిదేళ్ళుగా మాటల్లేవంట. లేకపోతే నాకేం పోయిద్ది అనుకోవచ్చు. మా దగ్గర డిశ్చార్జి ఎట్టా జరిగిద్దో వినండి. డాక్టర్ గారు సమ్మరీ మీద సంతకం పెట్టాక వార్డులో మిగిలిన మందులు ఫార్మసీకి వాపస్ పోవాలి, హెడ్ సిస్టర్ క్లియర్ అని చెప్పాలి, అప్పుడు కౌంటర్లో ఫైనల్ బిల్లు, బిల్లు కడితే గేట్ పాస్. సిస్టర్ బల్లకీ బాబాయ్ కిటికీకీ మధ్య ఆరు గచ్చు పలకలు. పన్నెండు అడుగులు. సరిగ్గా మధ్యలో ల్యాబ్ తలుపు. ఆమె నా తలుపు వైపు చూసి "పద్నాలుగో బెడ్ క్లియరని చెప్పు" అంటది. ఆయన కంప్యూటర్లోకి చూస్తా "ఏమంటన్నారు?" అని నన్నడుగుతాడు. నేను చెప్పాలి. "రెండు సిరంజీలు వాపస్ రాలేదని చెప్పు" అంటాడు. నేను ఇటు తిరిగి మళ్ళీ చెప్పాలి. ఇద్దరి చెవులూ నిక్షేపంగా పనిచేస్తాయి.

మొన్న నరసరావుపేట పోవాల్సిన పెద్దాయన ఒకాయన బట్టలు మార్చుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాడు. వాళ్ళావిడ తిట్టింది నన్ను. నేను చేసేది సీబీపీ, షుగరు, యూరిన్.

పోనీలే పెద్దవాళ్ళు గదా అని ఇద్దరినీ విడివిడిగా టీకి తీసుకెళ్ళి, "అక్కతో ఒక మాట మాట్లాడొచ్చుగా బాబాయ్", "తమ్ముడేగా సిస్టర్" అని రాయబారం చేశా. రెండు టీలూ నా డబ్బులే. ఇప్పుడు ఇద్దరూ నాతో కూడా ఆయా ద్వారా మాట్లాడతన్నారు. కానీ వాళ్ళ మధ్య కబుర్లు మోసే పని మాత్రం నాదే.

ఏం చెయ్యమంటారు? ఉద్యోగం మారమని మాత్రం చెప్పకండి. ఇంటికి దగ్గర.

మిర్చియార్డ్_మావ
రెండు టీలూ నా డబ్బులే అని నొక్కి చెప్పావు చూడు, అక్కడ ఏదో కథ ఉంది. బాబాయ్ చెయ్యి గట్టిదా? దించు బస్తాలు.

ల్యాబ్‌లో_సుబ్బు
అడిగారు గాబట్టి చెప్తన్నా.

బాబాయ్ డబ్బాలో అన్నం మాత్రమే తెస్తాడు. ఉత్త అన్నం. ఒంటిగంటకి ఆ డబ్బా పట్టుకుని స్టాఫ్ రూములో ఒక ప్రదక్షిణ చేస్తాడు, "ఏం చేశారమ్మా ఇవాళ, గుమ్మం దాకా వచ్చింది వాసన" అంటా. గోంగూర ఒకరి దగ్గర, ముద్దపప్పు ఇంకొకరి దగ్గర, పెరుగు నా దగ్గర. చివరికి ఆయన తినేదే మా అందరికన్నా రకంగా ఉంటది. అక్క బల్ల దగ్గరికి మాత్రం పోడు. ఆమె ఆ టైముకి డబ్బా మూత బిగించి, మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటది.

ఫోను ఇంట్లో ఛార్జింగ్ పెట్టగా చూసినవాళ్ళు లేరు. బీపీ ఇక్కడే, షుగరు ఇక్కడే, "సుబ్బూ, స్ట్రిప్పు ఎక్స్‌పైరీకి దగ్గరపడిందేమైనా ఉందా" అంటాడు. షేర్ ఆటోలో జిన్నాటవర్ దాకా వస్తే ఐదు ఎక్కువని మార్కెట్ సెంటర్లోనే దిగి నడుస్తాడు. మెడికల్ రెప్‌లు ఇచ్చిన పెన్నులు సొరుగులో గుత్తులు గుత్తులుగా ఉంటాయి, రబ్బరు బ్యాండ్లేసి. రాసేది నా పెన్నుతో. పాత క్యాలెండర్లు పారెయ్యడు. వెనకవైపు తెల్లగా ఉంటది గదా, నాలుగు ముక్కలు కోసి, దారంతో కుట్టి చీటీల పుస్తకాలు చేసుకుంటాడు.

ఆయా కూతురి పెళ్ళికి అందరం తలా రెండొందలు వేసుకున్నాం. బాబాయ్ జాబితాలో నూట పదహారు రాయించుకున్నాడు. కవర్లో పదకొండు పెట్టాడు. మిగతాది పెళ్ళిలో చదివిస్తా అన్నాడు. పెళ్ళికి ఇంటిల్లిపాదీ ఐదుగురొచ్చారు. ఆ నూటఐదు ఇంకా చదివించలేదు.

నైట్‌డ్యూటీ_నర్సమ్మ
ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి ప్రతి ఆస్పత్రికీ ఒకడు ఉండాల్సిందే. మా దగ్గర మత్తు డాక్టరు. డిశ్చార్జి అయినవాళ్ళు ఇచ్చిన స్వీట్ బాక్సు ఖాళీ అయ్యాక అడుగున నెయ్యి కాగితం కూడా మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఎందుకో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కృష్ణకెనాల్_కిట్టు
నెయ్యి ఉంది గదా దాని మీద. ఇంటికెళ్ళి అట్టు పెనానికి రుద్దుతాడు. నాకు తెలుసు, మా మేనమామ అంతే.

సూర్యారావుపేట_స్టోర్స్
అందరూ నవ్వుతున్నారు గానీ, పెన్నులు దాచుకుంటే తప్పేంటి? క్యాలెండర్ వెనక రాసుకుంటే ఎవరి సొమ్ము పోయింది? నేను విజయవాడలో ఒక ఆస్పత్రి స్టోర్స్‌లో పదహారేళ్ళుగా ఉన్నా. దూది ఎంత, స్పిరిట్ ఎంత, గ్లౌజులు ఎన్ని జతలు, అంతా లెక్క. రెండు సిరంజీలు రాలేదంటే రాలేదు. పేషెంటు బిల్లులో పడతాయి అవి. ఆ బాబాయ్ అడగడం వల్ల నరసరావుపేట పెద్దాయనకే లాభం.

మిర్చియార్డ్_మావ
కవర్లో పదకొండు పెట్టడం వల్ల ఎవరికి లాభం స్టోర్స్ గారూ?

సూర్యారావుపేట_స్టోర్స్
పదకొండు శుభసంఖ్య.

తెనాలి_తులసి
సుబ్బూ, పిసినారితనం వల్ల మాటలు పోవు. విసుగు పుడతది, అంతే. తొమ్మిదేళ్ళంటే ఎక్కడో కుళ్ళు ఉండాలి. మంట ఎటువైపు నుంచి ఎటు పోతందో చూడు ముందు.

మా ఇంట్లో నేనూ మా తోడికోడలూ ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. బయటికి చెప్పిన కారణం, మా పాపని ఏదో అందని. అసలు కారణం, అత్తగారు ఊరెళ్తా బీరువా తాళం దానికిచ్చి వెళ్ళింది. ఆ బీరువాలో ఏముందో తెలుసా? పాత పంచాంగాలు.

ల్యాబ్‌లో_సుబ్బు
తులసి గారూ, రెండువైపుల నుంచీ పోతంది.

మే 12 నర్సుల దినానికి మేనేజ్‌మెంట్ వాళ్ళు హెడ్ సిస్టర్‌కి శాలువా కప్పి ఐదు లీటర్ల కుక్కర్ ఇచ్చారు. బాబాయ్ చప్పట్లు కొట్టకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు పెద్ద డాక్టర్ గారికి అర్జీ: "బిల్లింగ్ సిబ్బంది దినం ఎప్పుడో తెలియజేయగలరు."

అక్కేం తక్కువ కాదు. ఈయన కౌంటర్లో ఏసీ ఉంది, కంప్యూటర్లున్నాయని. ఆమె బల్ల దగ్గర ఫ్యానే. ఎండలు ముదిరేసరికి ఆమె రోజూ మధ్యాహ్నం థర్మామీటర్ బల్ల మీద పెట్టి, "ఇక్కడ ఇన్సులిన్ పాడయిపోతంది, కౌంటర్ గదిని నర్సింగ్‌కి ఇప్పించవలెను" అని రిజిస్టర్‌లో ఎర్ర ఇంకుతో రాస్తది. ఇరవై రెండు రోజులు రాసింది.

హెడ్‌సిస్టర్_రిటైర్డ్
బల్ల మీద ఇన్సులిన్ ఎందుకు పెట్టింది అసలు? తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. తెరిచింది బయట ఓ నాలుగు వారాలు ఆగుతుంది గానీ ఆ 'బయట' అంటే గుంటూరు మే నెల కాదు. ఫ్రిజ్ ఉండే ఉంటుంది. ఇది ఇన్సులిన్ గొడవ కాదు నాయనా.

బ్రాడీపేట_4/14
ఆస్తి. నూటికి నూరు పాళ్ళు ఆస్తి. తండ్రి ఇల్లు ఎక్కడుందో కనుక్కో, ఎవరి పేరు మీదుందో కనుక్కో, తేలిపోయిద్ది.

ల్యాబ్‌లో_సుబ్బు
ఆయా కూడా అదే అంటంది. తెనాలి దగ్గర పల్లెలో ఇల్లుందంట, నాలుగు సెంట్లు. నాన్న కట్టింది. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు బాబాయ్ అద్దెకిచ్చుకుంటన్నాడంట.

మిర్చియార్డ్_మావ
ఆడపిల్లకి పెళ్ళప్పుడు పెట్టిపోతలు పెట్టి పంపాక ఇంట్లో వాటా ఏందంట మళ్ళీ. మా ఊళ్ళో ఎవరూ అడగరు.

తెనాలి_తులసి
మీ ఊళ్ళో అడగరు, అడగనివ్వరు. రెండింటికీ తేడా ఉంది మావా. ఇచ్చిన కట్నమే 1961 నుంచి నేరం. నేరం చేసి దాన్నే రసీదుగా చూపిస్తారా?

గుమస్తా_గుంటూరు
కోర్టు దగ్గర పని చేస్తా, అందుకని ఒక్కసారి చెప్పి తప్పుకుంటా.

తండ్రి సొంత సంపాదనతో కట్టిన ఇల్లు అయితే, వీలునామా రాయకుండా పోతే, భార్య, కొడుకులు, కూతుళ్ళు అందరికీ సమానం. 1956 చట్టం నుంచే ఇది ఉంది. పెళ్ళయిందా కాలేదా అన్న ప్రశ్నే లేదు. వీలునామా రాస్తే ఆయనిష్టం. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే అప్పుడు వేరే లెక్క. మన రాష్ట్రం 1985లోనే కూతుళ్ళకి పుట్టుకతో హక్కిచ్చింది, కాకపోతే అప్పటికి పెళ్ళి కానివాళ్ళకి. 2005లో దేశమంతటికీ, పెళ్ళితో పని లేకుండా వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికున్నాడా లేదా అని పదిహేనేళ్ళు కొట్టుకున్నారు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, బతికుండాల్సిన పని లేదు, హక్కు పుట్టుకతోనే అని తేల్చింది.

ఇంకో ముక్క. 2005కి ముందు తండ్రి వదిలిన ఇంట్లో కుటుంబం కాపురముంటుంటే, మగవాళ్ళు పంచుకుందాం అనేదాకా ఆడపిల్ల వాటా పంచమని అడగడానికి లేదు. ఆ సెక్షన్ కూడా ఎత్తేశారు. "మా అక్క నోటిమాటగా వదిలేసింది" అని రోజుకి ఇద్దరొస్తారు మా దగ్గరికి. నోటిమాట చెల్లదు. హక్కు విడుదల పత్రం రిజిస్టర్ కావాలి.

మిర్చియార్డ్_మావ
ఒక్కసారి చెప్పి తప్పుకుంటా అని తాలూకా ఆఫీసంత చెప్పాడు. సరేలే గుమస్తా గారూ, నేర్చుకున్నా. మా చెల్లెలికి మాత్రం ఈ లింకు పంపను.

నైట్‌డ్యూటీ_నర్సమ్మ
నాకొకటి అర్థం కాలేదు. ఆమె హెడ్ సిస్టర్. ఊరంతా ఆస్పత్రులే. వేరే చోట చేరొచ్చుగా? తొమ్మిదేళ్ళు పన్నెండడుగుల దూరంలో కూర్చుని మాట్లాడుకోకుండా ఉండటమంటే దానికీ ఒక ఓపిక కావాలి. మా ఆయనతో నేను సాయంత్రం దాకా ఉండలేను.

కృష్ణకెనాల్_కిట్టు
ఎవరు ముందు మానేస్తే వాళ్ళు ఓడినట్టు గదా.

ల్యాబ్‌లో_సుబ్బు
అసలు సంగతి దొరికింది. ఆస్తి కాదు. నిన్న నైట్ డ్యూటీలో ఆయా దగ్గర మొత్తం రాబట్టా. ఖర్చు రెండు టీలు, ఒక సమోసా.

ఇల్లు వాళ్ళ నాన్న బతికుండగానే ఇద్దరి పేరునా రాశాడంట. అద్దెలో సగం బాబాయ్ ప్రతి నెలా అక్క ఖాతాలో వేస్తాడంట, ఇప్పటికీ, పైసా తేడా లేకుండా. (మేం నోళ్ళు తెరిచాం. బాబాయ్!)

గొడవ పెద్దకర్మ రోజుది. నాన్న పెద్దకర్మకి భోజనాలు. ఖర్చు చెరిసగం అనుకున్నారు. అక్క అత్తింటివాళ్ళు చెప్పిన దానికన్నా ఎక్కువమంది వచ్చారు. బాబాయ్ పంది‌రి గుంజ పక్కన నిలబడి ఆకులు లెక్కపెట్టాడు. పద్నాలుగు ఎక్కువ. సాయంత్రం చుట్టాలంతా వరండాలో కూర్చుని ఉండగా, అక్క చేతిలో చీటీ పెట్టాడంట. "పై ఆకులు 14, ఆకు ఒక్కింటికి 110, మొత్తం 1540." కింద సంతకం.

అక్క ఏం అనలేదంట. లోపలికెళ్ళి పర్సు తెచ్చి, అందరి ముందూ పదిహేను వందల యాభై లెక్కపెట్టి చేతిలో పెట్టింది. చిల్లర ఇస్తాడేమో అని నిలబడింది. బాబాయ్ డబ్బు జేబులో వేసుకుని, "చిల్లర లేదు" అన్నాడు.

అంతే. తొమ్మిదేళ్ళు.

బ్రాడీపేట_4/14
పది రూపాయలా!!!

మిర్చియార్డ్_మావ
నేను యార్డులో లక్షల బేరాలు చెడిపోవడం చూశా గానీ ఇంత గట్టిగా చెడిన బేరం చూళ్ళా.

తెనాలి_తులసి
పది రూపాయలు కాదు. చుట్టాలందరి ముందూ. అత్తింటివాళ్ళ ముందు. తండ్రి పోయి పదకొండు రోజులైన రోజు. నేనైతే తొంభై ఏళ్ళు మాట్లాడను.

సూర్యారావుపేట_స్టోర్స్
చీటీ అందరి ముందు ఇవ్వడం తప్పు. ఒప్పుకుంటా. కానీ ఒకటి ఆలోచించండి. తండ్రి పోయాక ఆ ఇంటి బాధ్యత ఎవరి నెత్తిన పడింది?

మా నాన్న పోయినప్పుడు నాకు పందొమ్మిది. షామియానా వాడు, వంటవాడు, కట్టెల వాడు, పురోహితుడు, ఒకడి తర్వాత ఒకడు గుమ్మంలో నిలబడ్డారు. ఏడవడానికి టైము లేదు. ఒక నోటు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టా. రాస్తున్నంతసేపూ ఏడుపు రాలేదు. అప్పట్నుంచి రాస్తూనే ఉన్నా. మా ఆవిడ దాన్ని రోగం అంటుంది. ఏమో. ఆ మనిషి పందిరి గుంజ పక్కన నిలబడి ఆకులు లెక్కపెట్టాడంటే నాకు నవ్వు రాలేదు.

అయితే ఆ రోజుల్లో పల్లెలో ఆకు 110 ఎక్కువ. ఆయన్ని వంటవాడు మోసం చేశాడు.

కృష్ణకెనాల్_కిట్టు
చివరి వాక్యం లేకపోతే నేను ఏడ్చేవాణ్ణి స్టోర్స్ అన్నా.

నైట్‌డ్యూటీ_నర్సమ్మ
నాకు అనుమానంగా ఉంది. స్టోర్స్ గారే బాబాయ్ అయ్యుంటాడు.

సూర్యారావుపేట_స్టోర్స్
నేను విజయవాడ. నా దగ్గర ఏసీ లేదు.

హెడ్‌సిస్టర్_రిటైర్డ్
సుబ్బూ, నువ్వు అడిగింది వదిలేసి అందరూ పెద్దకర్మ భోజనాలకి వెళ్ళిపోయారు. నీ ప్రశ్నకి నేను చెప్తా.

జనరల్ హాస్పిటల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను. ఉదయం షిఫ్టు 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి పొద్దున 8. రోజుకి మూడుసార్లు వార్డు చేతులు మారుతుంది. చేతులు మారేటప్పుడు నోటిమాట మీద నడిపితే మనిషి ప్రాణం పోతుంది. డాక్టరు ఫోన్లో చెప్పిన మందైనా సరే, రాసుకుని, తిరిగి చదివి వినిపించి, తర్వాత సంతకం పెట్టించుకోవాలి. మరి మీ నర్సింగ్ హోమ్‌లో వార్డు క్లియరెన్స్ ల్యాబ్ కుర్రాడి నోటి మీద నడుస్తుందా? రేపు ఏదన్నా తేడా వస్తే "సుబ్బు చెప్పాడు" అని ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు. ఆ ఒక్క విషయంలో కలుస్తారు.

నా సర్వీసులో ఇద్దరు స్టాఫ్ నర్సులకి డ్యూటీ చార్టు దగ్గర చెడింది. సంక్రాంతి సెలవు ఒకరికి వచ్చింది, ఒకరికి రాలేదు. నేనూ నీలాగే మొదట్లో ఇటు మాట అటు మోశాను. మోసినకొద్దీ వాళ్ళకి సుఖంగా ఉంది. మాట్లాడే కష్టం లేదు, పని ఆగదు, కోపం చల్లారదు. ఒకరోజు ఆపేశాను. ఏదున్నా రిపోర్టు బుక్కులో రాసుకోండి అన్నాను.

ఇంకోటి చెప్తే నవ్వుతారు. మా చెల్లెలూ నేనూ ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. కబుర్లు మా అమ్మ మోసేది. అమ్మ పోయాక మోసేవాళ్ళు లేక మేమే ఫోన్ చేసుకోవాల్సి వచ్చింది. మొదటి ఫోను రేషన్ కార్డులో అమ్మ పేరు తీయించే పని గురించి. రెండోది గ్యాస్ కనెక్షన్ గురించి. ప్రేమలూ పశ్చాత్తాపాలూ ఏమీ లేవు, ఆధార్ నంబర్లే.

నువ్వు సంధి చెయ్యకు. టీలు పోయకు. కాగితం మీద రాసివ్వమను.

ల్యాబ్‌లో_సుబ్బు
అమ్మో, బాబాయ్‌ని కాగితం ఖర్చు పెట్టమనాలా?

మిర్చియార్డ్_మావ
క్యాలెండర్లున్నాయి గదరా అబ్బాయ్. వెనకవైపు.

నైట్‌డ్యూటీ_నర్సమ్మ
సుబ్బూ ఒక మాట. నువ్వు రాసిందాంట్లో బాబాయ్ కౌంటర్ ఏసీ సంగతి ఎట్టా నొక్కావో చూసుకున్నావా? ల్యాబ్‌లో ఏసీ లేదా?

ల్యాబ్‌లో_సుబ్బు
ఉంది. సెల్ కౌంటర్ మెషిన్ కోసం పెట్టారు. గాలి దాని వైపే కొడతది. నేను పక్కన చెమటోడ్చుకుంటా కూర్చుంటా. అది వేరే సంగతి, ఇక్కడ ఎందుకు.

నైట్‌డ్యూటీ_నర్సమ్మ
ఎందుకూ లేదు. మంట ఎటు నుంచి ఎటు పోతందో చూడమంది గదా తులసి.

ల్యాబ్‌లో_సుబ్బు
సరే చెప్తన్నా. నాతో పాటు చేరిన ఇంకో టెక్నీషియన్‌కి పోయిన నెల పన్నెండు వందలు పెంచారు. నాకు పెంచలేదు. అతను మెషిన్‌కి పేపర్ రోల్ కూడా తిన్నగా వెయ్యలేడు. నేను కుళ్ళుకోవట్లా. ఊరికే చెప్తన్నా.

కృష్ణకెనాల్_కిట్టు
ఊరికే చెప్పాడంట రాసుకోండి.

చర్చానిర్వాహకుడు
దారి తప్పుతోంది. జీతాల ముచ్చట్లకి వేరే చర్చ ఉంది. మాల్పూరి ఎక్కడ బాగుంటుందనే పోస్టులు మూడు తీసేశాను, అవి కూడా వేరే చోట రాయండి.

ల్యాబ్‌లో_సుబ్బు
మూడు వారాలయింది. చాలామంది మెసేజ్‌లు పెట్టి అడుగుతున్నారు గాబట్టి రాస్తన్నా.

హెడ్‌సిస్టర్ రిటైర్డ్ అమ్మగారు చెప్పినట్టే చేశా. సోమవారం పొద్దున సిస్టర్ "తొమ్మిదో బెడ్ క్లియరని చెప్పు" అనగానే, "సిస్టర్, ఆడిట్ వాళ్ళు కాగితం మీదుండాలన్నారంట" అన్నా. ఏ ఆడిట్ వాళ్ళూ అనలేదు. ఆమె నన్ను పైనుంచి కిందకి చూసి చీటీ రాసిచ్చింది. "బెడ్ 9 క్లియర్." బాబాయ్ ఆ చీటీ చూసి, సొరుగు తీసి, క్యాలెండర్ చీటీల పుస్తకంలోంచి ఒకటి సగానికి చింపి రాశాడు. "సరే." వెనక గ్యాస్ మాత్రల బొమ్మ.

మొదటి వారం అంతే. నంబరు, సరే. నంబరు, సరే.

రెండో వారం బాబాయ్ రాశాడు: "సిరంజీ 2 తక్కువ." దానికి అక్క ఎర్ర ఇంకుతో: "లెక్క సరిగ్గా చూసుకో. చిన్నప్పట్నుంచీ నీకు రెండో ఎక్కం రాదు." నేను చదవకూడదు, నిజమే. కానీ మడత పెట్టకుండా ఇస్తే ఏం చెయ్యను. బాబాయ్ ఈసారి పూర్తి కాగితం తీశాడు: "పదో తరగతి లెక్కల్లో నాకు 71. నీకు 48." అక్క: "ఆ రోజు నాకు జ్వరం. నువ్వు అంటించిందే." బాబాయ్: "సిరంజీలు దొరికాయి. ట్రే కింద ఉన్నాయి."

ఆ రోజు నుంచి డిశ్చార్జిలు పరిగెడతన్నాయి. ఒకరి చీటీ వస్తే ఇంకొకరు జవాబు రాయాలి గదా, మరి జవాబు పంపాలంటే ఫైలు కదలాలి. పావుగంటలో గేట్ పాస్. పెద్ద డాక్టర్ గారు బిల్లింగ్‌ని మెచ్చుకున్నారు. అక్క వెంటనే రాసింది: "మెచ్చుకోవాల్సింది వార్డుని." బాబాయ్: "కుక్కర్ నీకే ఇచ్చారుగా." అక్క: "రబ్బరు లీకు. విజిల్ రాదు." దీనికి బాబాయ్ గంటసేపు ఏం రాయలేదు. సాయంత్రం చూస్తే ఆమె బల్ల మీద కుక్కర్ రబ్బరు ఒకటి ఉంది. కొత్తది కాదు. కానీ పనికొచ్చేది.

ఒంటిగంట ప్రదక్షిణ మాత్రం మారలేదు. ఆమె మూత మీద చెయ్యి కూడా తియ్యలేదు.

తెనాలి_తులసి
కొత్తది కాదు అన్న దగ్గర నాకు ఆ మనిషి మొత్తం కనపడ్డాడు.

సూర్యారావుపేట_స్టోర్స్
పాత రబ్బరు గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే కొంచెం మెత్తబడుతుంది. ఆమెకి చెప్పండి.

మిర్చియార్డ్_మావ
నువ్వే చీటీ రాసి పంపు బాబాయ్.

ల్యాబ్‌లో_సుబ్బు
ఇవాళ మధ్యాహ్నం వచ్చిన చీటీ ఉన్నదున్నట్టు రాస్తన్నా.

బాబాయ్: "బెడ్ 14 బిల్లు అయింది. నాన్న తద్దినం తిథి గురువారం పడింది. ఊళ్ళో ఇంట్లోనే. వచ్చేట్టయితే ఎంతమందో ముందే చెప్పాలి."

చీటీ తీసుకుని ఆమె చాలాసేపు కూర్చుంది. పదకొండో బెడ్ సెలైన్ అయిపోయిందని అటెండర్ అరుస్తున్నా లేవలేదు, ఇంకో సిస్టర్ వెళ్ళి మార్చింది. తర్వాత రాసి, మొదటిసారి మడత పెట్టి ఇచ్చింది. మడత పెట్టిచ్చినా సరే, బాబాయ్ విప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నా.

"ఒక్కదాన్నే. ఆకు ఖరీదులో పది మినహాయించుకో."

బ్రాడీపేట_4/14
అయ్యబాబోయ్.

నైట్‌డ్యూటీ_నర్సమ్మ
డ్యూటీలో ఉన్నా. కళ్ళు తుడుచుకుంటంటే పేషెంటు వాళ్ళు భయపడుతున్నారు, నా వల్ల ఏదో అయిందనుకుని.

గుమస్తా_గుంటూరు
బాకీ తిరిగి ఇవ్వమని అడగడానికి మూడేళ్ళే గడువు. తొమ్మిదేళ్ళ బాకీ కోర్టులో చెల్లదు. అయినా ఆమె అడిగింది, ఆయన ఒప్పుకుంటే చెల్లినట్టే.

మిర్చియార్డ్_మావ
వడ్డీ సంగతేంది?

సూర్యారావుపేట_స్టోర్స్
నూటికి రెండు చొప్పున నెలకి ఇరవై పైసలు. తొమ్మిదేళ్ళు అంటే నూట ఎనిమిది నెలలు. వడ్డీ 21.60. అసలుతో కలిపి 31.60. ఆకు ఇవాళ్టి రేటులో అది పోనిస్తే సరిపోతుంది.

కృష్ణకెనాల్_కిట్టు
ఇతనే. ఇతనే బాబాయ్. పట్టుకోండి.

హెడ్‌సిస్టర్_రిటైర్డ్
బాబాయ్ జవాబు ఏం రాశాడు సుబ్బూ?

ల్యాబ్‌లో_సుబ్బు
"సరే."

రేపు గురువారం ఇద్దరూ సెలవు పెట్టారు. వేర్వేరు కాగితాల మీద. కౌంటర్లో ఎవరూ లేరని నన్ను కూర్చోమన్నారు. ఇందాక వెళ్ళి కుర్చీ చూసుకొచ్చా. ఏసీ గాలి తిన్నగా మొహానికే కొడతంది.